ఉప్పు చల్లే మనిషి

ఆ ఫలితం మీద నా భార్య పేరు లేదు. డెస్మండ్ పెల్హమ్ అనే మనిషి ద్రాక్షపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి ఆమెను చూడడానికి వచ్చాడు, అందుకని లేదు. దీని మీద వాదన అనవసరం. యంత్రానికి చదువు చెప్పింది ఆమె, నియమాలు రాసింది ఆమె, ఆ యంత్రం వేలెత్తి చూపినప్పుడు ముందుగా చూసింది ఆమె. కింద బారెడు పేర్లున్నాయి. వాళ్ళలో కొందరు ఈ ఎర్రమట్టి మీద కాలు కూడా పెట్టలేదు. మార్గిట్ పేరు మాత్రం లేదు. ఆ డెస్మండే ఇప్పుడు ఇక్కడికి వస్తున్నాడు. పదింటికి వస్తానన్నాడు, పది దాటింది. షెడ్డు తలుపులోంచి చూస్తే దక్షిణాన, నేల ఆకాశాన్ని తాకే చోట, దుమ్ము ఒక చిన్న తోకలా లేచింది. అది అతని బండే. ఈ దారిన ఈ రోజు ఇంకెవరూ రారు. ఆ దుమ్ము ఇక్కడికి చేరడానికి ఇంకో గంట పడుతుంది, వాగు దగ్గర దారి కోసుకుపోయింది కనక. కూర్చుంటాను. కూర్చోవడం నాకు కొత్త కాదు.

ఇది మా గొర్రెల షెడ్డు. మా నాన్న కట్టాడు. ఇక్కడ ఉన్ని కత్తిరించడం ఆగిపోయి చాలాకాలమైనా చెక్కల్లోకి ఇంకిన ఉన్ని జిడ్డు వాసన పోలేదు, ఎండ ఎక్కిన కొద్దీ పైకి వస్తుంది. ఇనుప రేకులు వేడెక్కి టక్కుటక్కుమంటున్నాయి. ఉన్ని పరిచి రకాలు తీసే బల్ల మీద ఇప్పుడు పెద్ద తెర పెట్టారు, దానిలో పెర్త్‌లో, సిడ్నీలో, ఇంకెక్కడెక్కడో కూర్చున్న వాళ్ళ మొహాలు. భూమిలో పాతిన తీగ ద్వారా వస్తారు వాళ్ళు. గాలిలో ఏ రేడియో సంకేతమూ రాకూడదిక్కడ. ఫోన్లన్నీ వచ్చేముందు ఇనుప పెట్టెలో పెట్టేశారు. మార్గిట్ పనిచేసిన బృందానికి పెద్ద ల్యూసిండా. తలుపు దాకా వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. నా పక్కన బెంచీ మీద నోలా ఆంటీ కూర్చుంది. ఈ నేల ఆమె వాళ్ళది, ఇక్కడి ఆదివాసులు వజారీ వాళ్ళది, మా తాత రాకముందు నుంచీ. ఆకాశాన్ని వినే యాంటెన్నాలు ఎక్కడ పాతాలో ఎక్కడ పాతకూడదో నడిచి చూపించింది ఆమే. ఊళ్ళో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు అందరూ ఆంటీ అనే అంటారు. ఆమె నావైపు తిరిగి, "ఏంటా మొహం క్లెమ్, ఈగలు కూడా వాలడానికి భయపడుతున్నాయి," అంది. నేను దుమ్ము వైపే చూశాను. "పోనీలే, ఆ పుణ్యమేదో నాకూ దక్కింది, నా మీదా వాలట్లేదు," అని టీ ఫ్లాస్కు మూత తిప్పింది.

అతను వచ్చి నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. కలిపాను, లేదా కలపలేదు. అంతే. దానికోసం ఇంతమంది. కాగితం మీద రాసి పంపకూడదు, ఇంకొకరితో చెప్పించకూడదు, తానే నిలబడి తన నోటితో చెప్పాలి. ఆ నియమం కూడా మార్గిట్ పెట్టిందే. ఈ ప్రాంతంలో ఉప్పు చల్లడం అంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. మా తాతకు ఒకడు బంగారపు గొయ్యి అమ్మాడు. అమ్మేముందు తుపాకీలో గుండ్ల బదులు బంగారపు రజను నింపి రాతి గోడ మీద కాల్చాడు. తాత దీపం పట్టుకుని దిగి చూస్తే గోడంతా మెరిసింది. ఆ మెరిసింది నిజమైన బంగారమే. ఆ రాతిది కాదు, అంతే తేడా. దాన్నే గోతికి ఉప్పు చల్లడం అంటారు. బతికినన్నాళ్ళూ తాత ఆ గొయ్యి తవ్వాడు. మార్గిట్‌కు ఈ కథ చెప్పినప్పుడు ఆమె రొట్టెకు వెన్న రాస్తూ కత్తి ఆపేసి నావైపు చూసింది. మేమూ ఆ మాటే వాడతాం తెలుసా, అంది. వచ్చిపడే సంకేతాల రాశిలో ఒక మనిషి రహస్యంగా ఒక అబద్ధాన్ని కలుపుతాడు. కలపవచ్చు, కలపకపోవచ్చు. అది అతనొక్కడికే తెలుసు. మిగతావాళ్ళు తమకు ఏదైనా దొరికితే అది ఆకాశంలోంచి వచ్చిందో అతని జేబులోంచి వచ్చిందో తెలియకుండానే దానితో కుస్తీపట్టాలి, తేల్చాలి, కింద పేర్లు పెట్టి ఇక ఒక్క అక్షరం మార్చబోమని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే అతను నోరు విప్పుతాడు. "మీ తాతను ముంచినవాడు దొంగ. మావాడు మేమే బతిమాలి పెట్టుకున్న దొంగ," అంది. నవ్వింది. ఆమె నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకునేది.

ఆమె మొదటిసారి ఈ షెడ్డు ముందు నిలబడ్డప్పుడు నవ్వలేదు. డీజిల్ బండి దిగి, ఎండకు ఎర్రబడ్డ ముక్కుతో, చేతిలో పొడుగాటి కర్రకు కట్టిన తీగల చట్రంతో నా దగ్గరకు వచ్చి, నీ కంచె నా ఆకాశంలో టిక్కుమంటోంది, అంది. గొర్రెలు దాటకుండా పెట్టిన కరెంటు కంచె అది. పొడిగడ్డి తగిలిన చోటల్లా చిన్న నిప్పురవ్వ పుడుతుంది, కంటికి కూడా కనపడదు. అది ఆమెకు గుడిసె పక్కన పిడుగు పడ్డట్టు వినిపిస్తోందట. నాకు కోపం వచ్చింది. నా నేల మీద నా కంచె, నీ ఆకాశమేమిటి అన్నాను. ఆమె ఆ చట్రం నా చేతికిచ్చి, చెవులకు పెట్టుకునే వాటిని నా చెవులకు తగిలించి, కంచె వైపు తిప్పమంది. టిక్, టిక్, టిక్. తర్వాత పైకి తిప్పమంది. పెద్ద వాన రేకుల మీద పడుతున్నట్టు ఒకటే హోరు. ఇది మన పాలపుంత మొత్తం కలిసి చేసే గోల, అంది. నాకు కావలసింది దీని అడుగున ఉంది, అని కూడా అంది. నేనది నమ్మలేదు. మనిషిని మాత్రం నమ్మాను. కంచె ఆపేశాను, గొర్రెలు పారిపోయాయి, వాటిని వెతకడానికి ఆమె కూడా వచ్చింది. గొర్రెలు దొరికేసరికి ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం. నా చదువు ముల్లేవా ఊరి బడిలో ఆగిపోయింది. ఆమె ఎడిలైడ్‌లో రొట్టెలబట్టీ వాడి కూతురు, హంగేరీ నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళ బిడ్డ. భౌతికశాస్త్రం చదివి, ఆ తర్వాత యంత్రాలకు చదువు చెప్పే పనికి దిగింది. నాలో ఏం చూసిందని జనం అడిగేవారు. కంచె ఆపాడు, అనేది.

దుమ్ము తోక కొంచెం పెరిగింది. దాని ముందున్న నల్లచుక్క బండే. అతని టోపీ కూడా ఇక్కడి నుంచే కనపడుతున్నట్టుంది నాకు, కనపడదని తెలిసినా. ల్యూసిండా మళ్ళీ తలుపు దగ్గర నిలబడింది. వెలుతురుకు అడ్డంగా నిలబడితే ఎవరైనా మార్గిట్‌లానే ఉంటారు. పొద్దు వాలే వేళ ఆమె వరండా మెట్టు మీద ఇలాగే నిలబడి బయట యాంటెన్నాల వరసలను చూసేది. నేల మీద పరిచిన ఇనుప వల మీద, మోకాలెత్తు తీగల పీతల్లా అవి. కదలవు, తిరగవు, కళ్ళు లేవు. ఆకాశం మొత్తం వచ్చి వాటి మీద పడుతుంది, అవి పడనిస్తాయి. దీనికోసమా ఇంత దూరం వచ్చావు, అని నేను ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది. నక్షత్రాలు లేని కాలమొకటి ఉందిట. దీపం లేదు, నిప్పు లేదు, ఎక్కడ చూసినా చీకటి, ఆ చీకటి నిండా పల్చని ఆవిరి. ఆ ఆవిరి ఊరికే ఉండక తనలో తాను సన్నగా గొణుక్కునేది. ఎన్నో కోట్ల ఏళ్ళు అలాగే. తర్వాత ఎక్కడో మొదటి నక్షత్రం వెలిగింది. వెలగ్గానే ఆ గొణుగుడు స్వరం మారింది. ఆ మార్పు అక్కడే ఆగిపోలేదు, బయలుదేరింది, భూమి పుట్టకముందు నుంచీ ప్రయాణం చేస్తూ వస్తోంది. "ఎక్కడికి వస్తోంది?" అన్నాను. "ఇక్కడికే. నీ గొర్రెల వీపుల మీదికి. ఇప్పుడు నీ టీకప్పులోకి," అంది. నేను కప్పులోకి చూశాను. ఒక చీమ ఉంది.

దాన్ని వినాలంటే పాలపుంత హోరును తీసేయాలి, దూరపు పట్నాల రేడియో పాటలు విమానాల పొట్టలకు తగిలి వెనక్కి పడేవి తీసేయాలి, గాలివానల చిటపట తీసేయాలి, యాంటెన్నా తన సొంత వేడికి తాను చేసుకునే గోల తీసేయాలి. మనిషి చేతులతో అయ్యే పని కాదు. యంత్రానికి అలవాటు చేయాలి. గుంపులో వేల గొర్రెలున్నా తల్లిగొర్రె తన పిల్ల అరుపు పట్టుకుంటుంది, అలాగన్నమాట, అన్నాను నేను, తెలివైన మాట అన్నాననుకుని. కాదు క్లెమ్, అంది ఆమె. నీ గొర్రెకు ఒక పిల్ల పుట్టింది. నా యంత్రానికి పుట్టలేదు. ఇంతవరకూ ఎవరూ వినని అరుపు అది. నేను ఉన్నితో ఉత్తుత్తి పిల్లలను చేసి, రకరకాల గొంతులతో అరిపించి, ఇదుగో ఇలాగుండొచ్చు, లేదా ఇలా, అని నేర్పుతున్నాను. అది నేర్చుకుంటోంది. రేపు ఎక్కడ చూసినా నా ఉన్నిబొమ్మలే కనపడతాయేమోనని నా భయం. నేర్పినదాన్నే తిరిగి అప్పజెబితే అది వినడం ఎలా అవుతుంది? ఈ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తుంది. చాలామంది తమ యంత్రం గొప్పతనం చెప్పుకుంటారు. ఈమె దాన్ని అనుమానించడానికే పొద్దున్నే లేచేది. అందుకే ఉప్పు. అందుకే ఉప్పు చల్లే మనిషి.

ఆ పనికి డెస్మండ్‌ను ఎంచింది కూడా ఆమే. చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు, మా పెళ్ళిలో ఆమె పక్కన నిలబడ్డవాడు. అబద్ధం బాగా తయారుచేస్తాడు, అది చాలా అరుదైన ప్రతిభ, అంది. ఉప్పు మనిషికి కట్టుబాట్లుంటాయి. పని తేలేదాకా మిగతావాళ్ళతో కలిసి భోజనం చేయకూడదు. ఇక్కడికి రాకూడదు. ఎవరి పుట్టినరోజుకూ పోకూడదు. మాట దాచుకోవచ్చు, ముఖం దాచుకోవడం కష్టం. ఒకరి భుజం మీద చేయి వేసినా, వేయకపోయినా, ఏదో ఒకటి బయటపడుతుంది. దానితో తెలిసిపోతుంది. ఎవరికైనా అలా తెలిసిపోతే, వాళ్ళు పక్కకు తప్పుకోవాలి, పేరు తీసేయాలి. తెలిసినవాడి తీర్పు తీర్పు కాదు. అలా అతను మా ఇంటి నుంచి మాయమయ్యాడు. క్రిస్మస్‌కు ఆమె ఒక కుర్చీ ఎక్కువ వేసి, మళ్ళీ తనే తీసేసేది. అతన్ని నువ్వే దూరం చేసుకున్నావు, అన్నాను. మంచి పనివాడు దొరకాలంటే మంచి స్నేహితుణ్ణి ఇచ్చుకోవాలి, అంది.

యంత్రం చూపించిన రోజు ఆమె పొద్దున్నే ఇంటికొచ్చేసింది. ఎప్పుడూ రాదు. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. నూనెలో వేసి అలాగే నిలబడిపోయింది, ఇల్లంతా మాడు వాసన. నేనే పొయ్యి ఆర్పాను. క్లెమ్, ఏదో ఉంది, అంది. బొమ్మ గీసి చూపించింది, అట్టపెట్టె వెనక, బొగ్గుతో. ఒక గీత పోతూ పోతూ కొంచెం దిగి మళ్ళీ లేచింది. గడ్డిలో గొర్రె పడుకుని లేచిపోయాక మిగిలే గుంట ఉంటుందే, అంత. ఇంతేనా అన్నాను. "ఇంతే. చీకటి అయిపోయిన చోటు ఇది," అంది. "లేదా డెస్ ఇంట్లో కూర్చుని నవ్వుకుంటున్న చోటు," అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. బొగ్గు మరక నా చేతికీ అంటింది. బయట ఎప్పటిలాగే ఎండ, ఎప్పటిలాగే తెల్లచిలకలు అరుస్తున్నాయి. అంత పెద్ద విషయం ఇంత చిన్న గుంటలో ఎలా పట్టిందని నాకు ఆ రోజంతా ఒకటే ఆలోచన. గొర్రెలకు నీళ్ళు పెడుతూ, తొట్టిలో నీళ్ళు నిండుతుంటే, ఇందులోకి కూడా పడుతోందా అనుకున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె ఆ గుంటను చంపడానికి చూసింది. నాకు తెలిసిన మాటల్లో అంతకంటే సరైన మాట లేదు. ఆకాశంలో సగం దాచిపెట్టి యంత్రాన్ని అడిగింది. యాంటెన్నాలు కొన్ని విప్పేసి అడిగింది. కావాలని తప్పుడు ఉన్నిబొమ్మలతో కొత్తగా ఇంకో యంత్రానికి నేర్పి, అది కూడా అక్కడే వేలు పెడుతుందా అని చూసింది. పెట్టింది. వానలో, ఎండలో, నేల ఎండినప్పుడు, తడిసినప్పుడు. ప్రతిసారీ ఆ గుంట అక్కడే. అది తప్పని తేలితే హాయిగా నిద్రపోయేదాన్ని, అనేది. ఆ నిద్రలేమి వల్లే చిక్కిపోతోందనుకున్నాను. కడుపులో నొప్పి గురించి నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పరీక్షలు చేసేసరికి తీరంలోని ఆసుపత్రిలో డాక్టరు మాతో కూర్చుని మెల్లగా మాట్లాడాడు. మెల్లగా మాట్లాడినప్పుడే అర్థమైంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, పేర్లు పెట్టే రోజు దాకా ఉంటానా అని. ఉండొచ్చన్నాడు.

ఆమె ఉన్నా లేకపోయినా పేరు మాత్రం ఉండేది. ఆ మనిషి రాకపోతే. నేను బండి అంబులెన్సు దారికి అడ్డంగా పెట్టానని నర్సు చెబితే కిందికి దిగాను. తీసి వేరేచోట పెట్టి పైకి వచ్చేసరికి డెస్మండ్ వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు, ముఖం తడిగా. నన్ను చూడగానే మెట్లు దిగి పోయాడు. లోపల మంచం మీద కాగితం సంచిలో నల్ల ద్రాక్ష. మార్గిట్ దిండుకు ఆనుకుని కిటికీ వైపు చూస్తోంది. ల్యూసిండాకి ఫోన్ చెయ్యి, నా పేరు తీసేయమను, అంది. ఉప్పు మనిషి నా గదిలోకి వచ్చాడు, అంది. వాడేం చెప్పాడన్నాను. ఏమీ చెప్పలేదు, అంది. మరి? చూశాను, అంది. ఏం చూశావు మార్గ్, అన్నాను. ఆమె నన్ను తేరిపార చూసింది. "నీకు చెబితే రేపు ముల్లేవాలో బార్ ముందు పడుకునే కుక్కక్కూడా తెలుస్తుంది. నీ మొహంలో ఏదీ ఆగదు క్లెమ్." ల్యూసిండా ఫోన్‌లో ఏడ్చింది, బతిమాలింది. గదిలో ఉన్నది మీరిద్దరే, ఆయన మాట్లాడలేదంటున్నావు, ఎవరికి తెలుస్తుంది, అంది. నాకు తెలుసుగా, అంది మార్గిట్. ఫోన్ నాకిచ్చేసింది.

ఏడ్చిన ముఖం ఏం చెబుతుంది? కలిపానని చెబుతుంది. ఆమె జీవితమంతా వెతికినదాని చోట తాను చేసిన ఉన్నిబొమ్మ పెట్టి, అది పట్టుకుని ఆమె చనిపోతుంటే చూడలేక వచ్చాడు. ఇదే అర్థం. నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ తర్వాత ఆమె తీరు చూసి ఇంకా గట్టిపడింది. పని గురించి ఒక్క మాట ఎత్తలేదు. గొర్రెల గురించి అడిగేది, గాలిమర బాగుచేయించావా అనేది. ల్యూసిండా వచ్చి పని గురించి చెప్పబోతే చేయెత్తి ఆపేది. అంత పోరాడిన మనిషి అంత నెమ్మదిగా ఎలా అయిపోయింది? వదిలేసింది, అనుకున్నాను. మందులు, అనుకున్నాను. పేర్లు పెట్టే రోజు రాకముందే పోయింది. కాబట్టి ఈ రోజు ఇక్కడ ఏం తేలుతుందో ఈ షెడ్డులో నాకొక్కడికే తెలుసు. ఇంతమంది మొహాల్లో ఆశ చూస్తుంటే ఒకరకమైన చేదు తృప్తి. ఉప్పు అనే మాట అతని నోటితోనే, నా ఎదురుగా, మా నాన్న కట్టిన కప్పు కింద వినాలని వచ్చాను. విన్నాక అతని ముఖం చూడాలని.

బండి గేటు దగ్గర ఆగింది. తలుపు మూసిన చప్పుడు. తెరలోని మొహాలు ఒక్కసారిగా ముందుకు వంగాయి. డెస్మండ్ లోపలికి వచ్చాడు. సగమైపోయాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎవరో మంచినీళ్ళు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. బల్ల దాకా నడిచి, దాని మీద అరచేయి ఆనించి, ఎవరి వంకా చూడకుండా చెక్కల వంక చూస్తూ చెప్పాడు.

"నేనేమీ కలపలేదు. మొదటి రోజు నుంచీ ఈ రోజు దాకా ఏమీ కలపలేదు."

రేకులు టక్కుమన్నాయి. తెరలో ఒకామె రెండు చేతులతో నోరు మూసుకుంది. ల్యూసిండా పాత ఉన్ని మూట మీద కూలబడింది. నోలా ఆంటీ మెల్లగా, అంటే ఆ గుంట, అదేనా, అంది. అదే ఆంటీ, అన్నాడు డెస్మండ్. ఆమె లేచి, ఎండలోకి నడిచి, టోపీ తీసి, మెట్టు మీద నిలబడింది. ఎవరింట్లోకో అడుగుపెట్టినప్పుడు నిలబడతామే, అలా. అదే అయితే, అది నిజంగా వచ్చింది. ఉన్నిబొమ్మ కాదు. ఆ నల్లటి కాలంలో ఎక్కడో మొదటి దీపం వెలిగింది, ఆ సంగతి బయలుదేరింది, ఇంకా సూర్యుడు లేడు, చేరడానికి భూమి లేదు, వినడానికి చెవి లేదు, అయినా బయలుదేరింది. దారిలో ఉండగానే సముద్రాలు పుట్టాయి, ఇక్కడి రాళ్ళు గట్టిపడ్డాయి, నోలా ఆంటీ వాళ్ళు వచ్చారు, మా తాత వచ్చి ఆ దిక్కుమాలిన గొయ్యి తవ్వాడు. అంతసేపూ అది పడుతూనే ఉంది. తాత వంగిన వీపు మీద పడింది. మా బడి కప్పు మీద, మార్గిట్ ఆరేసిన దుప్పట్ల మీద, ఆమె తడి జుట్టు మీద పడింది. ఆసుపత్రి కప్పు దగ్గర ఆగక లోపలికి వచ్చి, ఆమెలోంచి, మంచంలోంచి, నేలలోంచి పోయింది. ఎవరికీ స్పర్శ తెలియలేదు. ఒక రొట్టెలబట్టీ వాడి కూతురు, ఎవరూ వినని అరుపును ఊహించి, ఉత్తుత్తి గొంతులతో ఒక యంత్రానికి నేర్పి, అది నేర్చుకున్నది తప్పని చూపడానికి ఒళ్ళు కరగదీసుకుని, ఓడిపోయింది. ఈ పనిలో ఓడిపోవడమే కావాలి. నా ఛాతీలో ఏదో విరిగింది. ఏడుపు కాదు. నాకు దాని పేరు తెలియదు. చర్చిలో కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

డెస్మండ్ నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేనొక్క మాటా అనలేదు క్లెమ్, అన్నాడు. ద్రాక్ష మంచం మీద పెట్టాను, అంతే. ఆమె నా మొహం వంక చూసి, వెళ్ళిపో డెస్, చెప్పేశావు, అంది. నవ్వింది. నేను బయటికొచ్చి ఏడ్చాను, అన్నాడు. "ఆమె పోతుంటే చూడకుండా ఎలా ఉంటాను?"

"ఉండాల్సింది," అన్నాను.

నవ్వింది, అన్నాడు. ఎడమ కన్ను ముందు మూసుకుని ఉంటుంది. అంటే ఆమెకు తెలుసు, అతను ఏమీ కలపలేదని. నేను బండి పక్కకు పెట్టి మెట్లెక్కి వచ్చేలోపు ఆమెకు తెలిసిపోయింది. నేను గదిలో అడుగుపెట్టేసరికి ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకడు మెట్లు దిగి పోతున్నాడు. ఆ తర్వాత అన్ని వారాలు, నోటి నిండా అంత మాట పెట్టుకుని, గొర్రెలకు నీళ్ళు పెట్టావా అని అడిగింది. గాలిమర గురించి అడిగింది. నేను మందులనుకున్నది మందులు కాదు. వదిలేయడం కాదు. చేతికొచ్చిన దాన్ని ఒంటరిగా, ఎవరికీ చూపకుండా, చివరిదాకా పట్టుకుని ఉండడం. పక్కనే కూర్చుని ఆమె గోళ్ళు కత్తిరించిన నాకు కూడా తెలియనివ్వలేదు. ఆ బృందంలో ఏదీ బయటపడని ముఖం ఒక్కటే ఉండేది. ఉప్పు మనిషిగా ఆమెనే పెట్టుకోవాల్సింది.

ల్యూసిండా కళ్ళు తుడుచుకుని వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళు. తెరలోని మొహాలు కూడా ఇటే. మార్గిట్ పేరు మొదట పెడతాం క్లెమ్, అంది. అందరం ఒప్పుకున్నాం. ఇంక దాచాల్సింది ఏమీ లేదు కదా, నియమం అవసరం తీరిపోయింది కదా. ఆమె పేరు లేకుండా దీన్ని బయటికి ఎలా పంపుతాం. ఇన్ని నెలలు నేను ఆ మాట కోసమే పళ్ళు నూరుకున్నాను. మొదట అని కూడా అనుకోలేదు, ఎక్కడో ఒక మూల చాలనుకున్నాను. ల్యూసిండా చేయి చాపి నా మోచేయి పట్టుకుంది, నేను సరే అంటాననే నమ్మకంతో.

"వద్దు," అన్నాను.

క్లెమ్, అంది ఆమె.

"ఆమె తీసేసింది. తెలిసే తీసేసింది, దేని మీదినుంచి తీస్తోందో తెలిసి. దాన్ని మళ్ళీ పెట్టడానికి మీరెవరు? నేనెవర్ని?"

డెస్మండ్ చేయి చాపాడు. నేను అందుకోలేదు. వాడు ఆమె పేరు పోగొట్టాడు, ఆమెకు ఆ సంగతి తెచ్చి ఇచ్చాడు. రెండూ ఒకే నిమిషంలో. ఆ లెక్క వాళ్ళిద్దరిది, నన్ను సరిచేయమని ఎవరూ అడగక్కర్లేదు. క్షమించమంటే క్షమించను. బయటికి నడిచాను. నోలా ఆంటీ పక్కకు జరిగి చోటిచ్చింది. యాంటెన్నాలు ఎండలో అలాగే ఉన్నాయి, పడేదాన్ని పడనిస్తూ. చేయి చాపి అరచేయి పైకి తిప్పాను. ఏమీ తెలియలేదు. తెలియదని నాకు తెలుసు. అయినా కాసేపు అలాగే ఉంచాను.

రేపు పత్రికలవాళ్ళు వస్తారు, ఆమె పేరు ఎందుకు లేదని అడుగుతారు. అడగనీ. ఇప్పుడు అనుకున్నది అనుకున్నాను. ఇకపై దీని గురించి నా నోట మాట రాదు.